ఈగగారి పెళ్ళిచూపులు

మాగిన అరటిపండొకటి రెండు రోజులు బల్లమీద వదిలేసి చూడండి. నలుసంత ఈగలు ఎక్కణ్ణుంచి వస్తాయో, వచ్చి ముసురుకుంటాయి. ఎవరైనా కొంగుతో విసిరి తోలేస్తారు. నాకు మాత్రం చెయ్యి రాదు. ముప్ఫయ్యేళ్ళు నాకు అన్నం పెట్టిన ఈగలవి!

కళాశాలలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ఈ ఈగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డ్రోసోఫిలా. గోధుమ రవ్వ, బెల్లం, అగర్ కలిపి వుడకబెట్టి, సీసాల్లో పోసి, దానిమీద వీటిని పెంచేవాళ్ళం. ఆ వాసనకు హల్వా చేస్తున్నామనుకుని మా జవాను రెండుసార్లు తొంగిచూసి పోయాడు.

అన్నిటికన్న చూడదగ్గది వీటి పెళ్ళిచూపులు. మగ ఈగ ముందు ఆడ ఈగకేసి తిరిగి నిలబడతాడు. వెంట నడుస్తాడు. ముందుకాలితో మెల్లగా ఆమెను తాకుతాడు. వాడి కాలికి రుచి తెలుస్తుంది లెండి! తన జాతి పిల్లా కాదా అన్నది అక్కడే తేల్చుకుంటాడు. గోత్రం కనుక్కోవడమన్నమాట. ఆ తరవాత ఒకే ఒక్క రెక్క పక్కకు చాచి, అదరిస్తూ పాట అందుకుంటాడు. మామూలుగా మన చెవికి ఆనదు గాని, జాతికొక తాళం వుంది. అమెరికాలో స్టర్టివాంట్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని మగ ఈగల రెక్కలు కత్తిరించి చూసి, 1915లో ఆ సంగతి ప్రకటించాడు. రెక్కలున్న వాళ్ళతో పోటీలో ఆ పాటలేని పెళ్ళికొడుకులు వెనకబడ్డారట.

ఇంతా చేసి, తీర్పు అమ్మాయిది. నచ్చకపోతే పారిపోతుంది, రెక్కలు విదిలిస్తుంది, వెనక కాలితో ఒక్కటి తంతుంది కూడాను. నచ్చితే నడక తగ్గించి నిలబడుతుంది. సాధారణంగా ఆమె అలా నిలబడితేనే ముహూర్తం. కాపురం ఇరవై నిమిషాలు! ఆ పైన కొన్ని రోజులపాటు మరే వరుడు వచ్చినా ఆమె దగ్గరకు రానివ్వదు.

కాదనిపించుకున్నవాడి సంగతేమిటంటారా? కొంతసేపు జోరు తగ్గించి, ఇతర ఆడ ఈగల దగ్గర కూడా వెనకాడతాడు. కాలిఫోర్నియాలో శాస్త్రజ్ఞులు 2012లో ఇంకొక వింత బయటపెట్టారు. అప్పటికే జతకట్టిన ఆడ ఈగలచేత రోజుల తరబడి కాదనిపించుకున్న మగ ఈగలకు మామూలు ఆహారమూ, సారా కలిపిన ఆహారమూ రెండూ పెట్టారు. జతకుదిరిన వాటికంటే ఇవి సారా కలిపినదే ఎక్కువ తాగాయట. దేవదాసులు మనలోనే వున్నారనుకున్నాం, చూశారా!

ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నాకు మాత్రం మా అక్కయ్య జ్ఞాపకం వచ్చేది. 1971లో దాన్ని చూడడానికి పదిమంది వచ్చారు. పాట పాడమన్నారు. నడవమన్నారు. జడ పొడుగు చూశారు. మా యింట పాట పాడవలసినది పిల్ల! సాయంత్రానికి, "అబ్బాయికి నచ్చింది," అని కబురు వచ్చింది. ఇల్లంతా సందడే. అక్కయ్య మాత్రం పెరట్లో అమ్మమ్మ పక్కన కూచుని, "నన్నొకరూ అడగలేదేం?" అన్నది. అమ్మమ్మ జవాబు చెప్పలేదు. తల నిమిరింది, అంతే.

బావగారు మంచివారే. నలభయ్యేళ్ళ పైన సంసారం చేశారు. అయినా అక్కయ్య ఆ మాట మరచిపోలేదు. ఈగకు మెదడు గసగసాల గింజంత కూడా లేదు. అయినా ఆడదాని "వద్దు" వాడికి ఎంతో కొంత తెలుస్తుంది. అంత మెదడున్న మనం అడగనైనా అడగం.

మొన్న అక్కయ్య మనమరాలికి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళు ఆదివారం వస్తామని ఫోను చేశారు. నేను పక్కనే వున్నాను. అక్కయ్య తొణక్కుండా అన్నది:

"ముందు పిల్లను అడిగి చెబుతానండీ. అది రమ్మంటేనే బొబ్బట్లు చేస్తాను."