ఇంటి కుక్కయెడల మన ధర్మము

అనంతపురపు మెట్టసీమలో వానలు తప్పిన యేట అనేకులు ఇండ్లకు తాళములు వేసి బెంగుళూరునకు కూలికి పోవుదురు. మందను, కళ్లమును కాచిన కుక్క మాత్రము వాకిటనే నిలిచిపోవుటను మేము పలుమారు చూచితిమి. అది ఈనిన పిల్లలు వీధిపాలగును. వానికి ముద్ద పెట్టువారుగాని టీకా వేయించువారుగాని ఉండరు. పిచ్చికుక్క కాటు భయము అట్టి చోటనే పెరుగును.

1885 జూలై 6వ తేదీన పాశ్చరు మహాశయుడు కుక్కకాటు తగిలిన జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేయించి బ్రదికించెను. 1907లో మన దక్షిణదేశమున కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసెను. అయినను వ్యాధిలక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము దక్కుట మిక్కిలి అరుదు. కావున కాటునకు ముందే కుక్కకు టీకా వలయును: మూడవ నెల నిండగనే యొకటి, పిదప పశువైద్యుడు చెప్పిన గడువున మరల మరల. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుట క్రౌర్యమని కొందఱందురు. దిక్కులేని పిల్లలను ఎండకు, ఆకలికి విడుచుటయే క్రౌర్యమని మా అభిప్రాయము.

కుక్క కఱచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలయును. పసరులు, మంత్రములు నమ్మరాదు.

బాలబాలికలారా! మీ కుక్కకు ముద్ద పెట్టునపుడు, టీకా గడువు ఎప్పుడో పెద్దలను అడుగుడు.