రామాయంపేట నుండి కోఠికి – నాలుగు తీగల అతుకు

రామాయంపేట చౌరస్తాలో నిలబడితే నాలుగు దిక్కుల బస్సులు కనబడతాయి. ఒకటి మెదక్‌కు, ఒకటి సిద్దిపేటకు, ఒకటి కామారెడ్డి మీదుగా నిజామాబాదుకు, మరొకటి తూప్రాన్, మేడ్చల్ మీదుగా పట్నానికి. శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు పోయే పెద్ద రోడ్డు ఇదే. పెద్దవారు ఇంకను దీనిని ఏడో నంబరు రోడ్డు అనే పిలుస్తారు గాని ఇప్పుడు దాని నంబరు 44. 2022 సెప్టెంబరులో పక్కనున్న అక్కన్నపేట నుండి మెదక్‌కు రైలు కూడ నడవసాగినది. ఇన్ని దారులు కలిసే ఊరు గనుక చుట్టుపక్కల పల్లెలవారు విత్తనాలకు, ఎరువులకు, పెండ్లి బట్టలకు ఇక్కడికే వస్తారు. పాటలు ఎక్కించుకొనుటకు కూడ ఇక్కడికే వస్తారు.

ఈ చివరి మాట కొందరికి వింతగా ఉండవచ్చును. ఒకప్పుడు మన ఇండ్లలో కేసెట్లు ఉండేవి. రీలు బయటికి వస్తే పెన్సిలు పెట్టి చుట్టేవారము. తెగిపోతే గోళ్ళ రంగుతోనో, అంటు కాగితముతోనో అతికించుకొనేవారము. ఆ చోట పాట ఒక్క క్షణము ఎగిరి ముందుకు పోయేది, అంతే. ఇప్పుడు ట్రాక్టరులోను, ఆటోలోను, మన ప్రార్థనా మందిరములలోని మైకుసెట్టులోను ఉన్నది బొటనవ్రేలంత పెన్ డ్రైవ్. రీలు కంటికి కనబడేది గనుక తెగినదని తెలిసేది, అతికించవచ్చునని కూడ తెలిసేది. పెన్ డ్రైవ్ లోపల ఏమున్నదో ఎవరికీ కనబడదు. అందుచేత అది పలకకపోతే “ఖరాబయింది” అని పారవేస్తున్నారు. మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదే.

మా సంఘములో ఒక పెద్దమ్మ ఉన్నది. ఆమె భర్త సంఘ పెద్దగా ఉండి, చాల ఏండ్లు డోలక్ పట్టి పాటలు నడిపించినవాడు. 2021 మే నెలలో కరోనా రెండవ అలలో ఆయన చనిపోయాడు. అంతకు రెండేండ్ల ముందు మనుమడు తన ఫోనులో తాత పాడిన 41 పాటలు, ఒక ఇరవై నిమిషముల మాట పట్టి ఉంచాడు. ఆ మాటలో ఆయన తమ ఇంటివారు ఏ ఊరి నుండి ఎందుకు వచ్చిరో, ఎవరి తరువాత ఎవరో వరుసగా చెప్పాడట. ఫోను అమ్మేటప్పుడు వాటిని 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించారు. మరొక నకలు లేదు. ఆ పెన్ డ్రైవ్ కుమారుని ట్రాక్టరులో ఉండేది. 2024 వానకాలపు వడ్లు కల్లము నుండి తెచ్చే రోజులలో ఒక బస్తా దానికి తగిలినది. పాటల పెట్టెలో సగము, బయట సగము ఉన్న వస్తువు వంగక ఏమి చేస్తుంది?

కుమారుడు దానిని ఒక దుకాణమునకు తీసుకొనిపోయాడు. అక్కడివారు పట్టుకారుతో వంపు సరిచేసి, కంప్యూటరుకు పెట్టి, ఒక మూలకు నొక్కి పట్టగా దీపము వెలిగి, ఫార్మాట్ చేయమంటారా అని అడిగినది. చేద్దామన్నారు. తల్లి వెంట ఉన్నది.

“ఫార్మాట్ అంటే ఏంది బిడ్డా?”

“లోపలిది పోతది గని పెన్ డ్రైవ్ మంచిగ పని చేస్తదమ్మా.”

“లోపలిది పోయినంక నాకు ఆ డబ్బ ఎందుకు?” అని ఆమె దానిని లాగుకొని కొంగున ముడి వేసుకొన్నది. చదువు లేని ఆ తల్లి ఆ రోజు చేసినంత తెలివైన పని ఆ దుకాణములో మరెవ్వరును చేయలేదని మా అభిప్రాయము.

ఇక్కడ కొంచెము ఆగి ఆ డబ్బలో ఏముంటుందో చెప్పవలెను. రేకు విప్పితే లోపల ఒక పచ్చని పలక ఉంటుంది. దాని మీద ముఖ్యముగా రెండు నల్లని చిప్పులు. పెద్దది గాదె వంటిది. పాటలు, ఫోటోలు అన్నియు దానిలోనే. దీనిని ఫ్లాష్ చిప్పు అంటారు. జపాను దేశములోని తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా అను ఇంజనీరు ఈ విధానమును 1980ల మొదటిలో కనిపెట్టి 1984లో లోకమునకు తెలియజేశాడు. పెన్ డ్రైవులలో వాడే నాండ్ అను రకమును 1987లో చూపించాడు. అందులోనిది ఒక్క తుడుపుతో చెరిగిపోవుట చూచి, కెమెరా ఫ్లాష్ గుర్తుకు వచ్చి, ఆయన తోటి ఉద్యోగి ఒకడు ఆ పేరు సూచించాడట. మొదటి పెన్ డ్రైవులు 2000 సంవత్సరములో అమ్మకమునకు వచ్చినవి. వాటిలో పట్టినది 8 ఎంబీ, అనగా ఈనాటి లెక్కన రెండు పాటలు.

ఆ చిప్పులో లెక్కలేనన్ని చిన్న గదులు ఉంటాయి. కరెంటు రేణువులను ఆ గదిలోనికి తోసి, చుట్టూ కరెంటు పారని గాజు వంటి పొరతో మూసివేస్తారు. కనుక పెన్ డ్రైవ్‌ను పీకివేసినను అవి అక్కడే నిలిచి ఉంటాయి. ట్రాక్టరు నుండి తీసినను, వంగినను, రేకు ఊడినను గదులకు ఏమీ కాదు. పోయేది చాల సార్లు దారి మాత్రమే.

చిన్న చిప్పు వెనుకటి పట్వారీ వంటిది. ఏ పాట ఏ గదులలో ముక్కలుగా ఉన్నదో ఆ లెక్క దానికే తెలుసు. ఒకే గదిని మాటిమాటికి వాడితే అరిగిపోతుంది గనుక అది సరుకును ఎప్పటికప్పుడు వేరే గదులకు మార్చుచుండును. పట్వారీ పోతే భూమి పోదు గాని ఏ సర్వే నంబరు ఎవరిదో చెప్పేవాడు ఉండడు. ఈ పోలిక తరువాత పనికి వస్తుంది.

నవంబరులో ఒక ఉదయమున పెద్దమ్మ, ఆమె కుమారుడు, మేము పట్నము బస్సు ఎక్కాము. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి ఎక్స్‌ప్రెస్ బస్సులోను టికెట్టు లేదు గనుక ఆమె ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్కన కూర్చున్నది. చేగుంట, మాసాయిపేట, తూప్రాన్, మనోహరాబాదు దాటినవి. మేడ్చల్ వచ్చువరకు రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నవి. తరువాత కొంపల్లి, సుచిత్ర, బోయినపల్లి, జూబ్లీ బస్టాండు. అక్కడి నుండి కోఠికి పోవుట ఒకప్పుడు పెద్ద కష్టము. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్టాండు నుండి ఎంజీబీఎస్‌కు మెట్రో రైలు మొదలైనది మొదలు సుల్తాన్ బజారులో దిగితే కోఠి చేరినట్టే. కదిలే మెట్లు చూచి పెద్దమ్మ ఎక్కనన్నది. కొంగు ముడి గట్టిగా పట్టుకొని మామూలు మెట్లే దిగినది.

కోఠిలోని గుజరాతీ గల్లీ చూడని రేడియో మెకానిక్కు మన ప్రాంతములో ఉండడేమో. స్పీకర్లు, తీగల చుట్టలు, సీసాలలో చిన్న చిన్న రంగుల గింజల వంటి భాగములు, బస్తాలలో ప్లగ్గులు. మెదక్ జిల్లా పల్లెలలో మైకుసెట్టు బాగుచేసేవారు ఇక్కడి సరుకుతోనే బ్రతికినవారు. అక్కడి నుండి బ్యాంక్ స్ట్రీట్ దారిన ఆబిడ్స్‌కు నడిచి జగదీశ్ మార్కెట్ చేరాము. ఇది సెల్‌ఫోన్ల బజారు. ఒక్కొక్క కొట్టు మన ఇంటి బీరువా కంటె పెద్దది కాదు. ముందు గాజుపెట్టె, వెనుక ఒక బల్ల, దాని మీద మైక్రోస్కోపు, వంగిన తల ఒకటి. నడిచే దారిలో మాటల హోరు; ఆ తల మాత్రము లేవదు.

రెండు కొట్లవారు మాకు కాదన్నారు. మూడవ కొట్టులోని యువకునికి పాతికేండ్లు ఉండవచ్చును. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుచున్నాడు. పెన్ డ్రైవ్ చూచి మొదట అడిగినది ధర మాట కాదు.

“ఫార్మాట్ కొట్టిండ్రా సార్?”

“లేదు.”

“మంచిగ చేసిండ్రు. కూసో అమ్మా.”

అతడు పలకను మైక్రోస్కోపు కింద పెట్టి మమ్మును కూడ చూడనిచ్చాడు. పెన్ డ్రైవ్ మూతికి, పలకకు మధ్య నాలుగే దారులు. చివరలవి రెండు కరెంటువి: ఒకటి అయిదు వోల్టులు తెచ్చేది, ఒకటి తిరిగి పోయేది. నడుమవి రెండు సమాచారము నడిచేవి. బస్తా తగిలినప్పుడు మూతి వంగినది. పట్టుకారు పెట్టినప్పుడు నడిమి దారులు రెండు పలక నుండి లేచి, దువ్వెన పండ్లవలె విరిగినవి. చెడినదంతయు అదే. పెద్ద చిప్పు మీద గీత కూడ లేదు.

పని చూచుటకు చాల నిదానమైనది. ముందుగా మల్టీమీటరు ముల్లులు ఆనించి, కరెంటు దారులు రెండూ ఒకదానికొకటి తగులుట లేదని తెలిసికొన్నాడు. తగిలి ఉంటే కరెంటు ఇవ్వరాదట. విరిగిన మూతిని వేడి గాలితో ఊడదీశాడు. తెగిన దారుల మీది పచ్చని పూతను బ్లేడు కొసతో గీకగా, వెంట్రుక వంటి రాగి గీత మెరిసినది. దాని మీద ఫ్లక్సు రాసి, సూది మొన వంటి సోల్డరింగ్ ఐరన్‌తో సీసపు చుక్క పెట్టాడు. పాత కేబుల్ ఒకటి కోసి, దానిలోని నాలుగు తీగలు విప్పాడు: ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు. ఏ దేశములో చేసిన కేబులైనను సాధారణముగా ఈ రంగులే. ఎరుపు అయిదు వోల్టులకు, నలుపు తిరుగుదారికి, తెలుపు, ఆకుపచ్చ సమాచారమునకు. ఈ రెండూ అటు ఇటు మారితే కంప్యూటరు గుర్తుపట్టదు. అందుచేత ఒక్కొక్క అతుకు వేసి మరల మీటరుతో చూచాడు. వేడి ఎక్కువసేపు నిలిపితే ఉన్న దారి కూడ లేచివచ్చును గనుక ప్రతి అతుకు ఒకటి రెండు క్షణములే. నాలుగు అతుకులకు దాదాపు గంట పట్టినది. ఈ గంటలో పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. చాయ్ తెప్పించినను త్రాగలేదు.

అందరికి ఇంత సులభముగా తేలదని అతడే చెప్పాడు. క్రిందపడినప్పుడు పలక మీద ఉండే చిన్న వెండి డబ్బ వంటి క్రిస్టల్ పగిలితే దానికి సరియైన మరొకటి వేయవలెను. కరెంటును 3.3 వోల్టులకు తగ్గించే భాగము కాలితే అదియు మార్చవచ్చును. చిన్న చిప్పు, అనగా పట్వారీ పోతే కథ వేరు. అప్పుడు 48 కాళ్ళ పెద్ద చిప్పును ఊడదీసి వేరే యంత్రములో చదివించి, ముక్కలు ముక్కలుగా చిక్కుపడి ఉన్న లెక్కను పీసీ-3000 ఫ్లాష్ వంటి ఖరీదైన సాధనములతో పేర్చుకొనవలెను. వేళ్ళగోరంత చిన్న పెన్ డ్రైవులలో పలకే ఉండదు, అంతయు ఒకే నల్లని ముద్ద. పై పూత గీకి లోపలి చుక్కలకు వెంట్రుకల వంటి తీగలు పదుల కొలది అతకవలెను. చిన్నదిగా ముద్దుగా ఉన్నదని వాటిని కొనేవారు ఈ సంగతి తెలిసికొంటే మంచిది. పెద్ద చిప్పే పగిలితే మాత్రము ఎవరును ఏమి చేయలేరు.

కేబులు కంప్యూటరుకు పెట్టగానే దీపము వెలిగినది. మేము పాట వినిపించమని అడిగాము. అతడు వద్దన్నాడు. “ముందు మొత్తం నకలు సార్. అతుకు ఎంతసేపు ఉంటదో తెల్వది.” పాటలను ఒక్కొక్కటిగా తెరువక, చిప్పులో మొదటి నుండి చివరి వరకు ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటరులోనికి తీసుకొన్నాడు. ముప్పావు గంట సాగినది. నడుమ కొన్ని చోట్ల చదువలేక ఆగి, వదిలి ముందుకు పోయినది. ఎత్తిపోసిన నకలు మీద పని చేస్తే, పొరబాటు జరిగినను అసలుకు నష్టము లేదని అతని లెక్క. మన ఊళ్ళలో ఎవరు ఈ పని చేసినను ఈ ఒక్క పద్ధతి పాటించితే చాలునని మాకు తోచినది.

41 పాటలలో 38 నిండుగా వచ్చినవి. మూడు నడుమ తెగినవి. పెద్దమ్మ మొదట అడిగిన పాట ఆ మూడింటిలో ఒకటి. ఇరవై నిమిషముల మాట మాత్రము చెక్కు చెదరలేదు. అతడు చిన్న స్పీకరు పెట్టి అది వినిపించాడు. ఆబిడ్స్ బజారు హోరులో ఆయన గొంతు సన్నగా వినబడినది. తన తాత పేరు చెప్పి, ఆగి, దగ్గి, మరల మొదలుపెట్టాడు. కుమారుడు ముఖము అటు తిప్పుకొన్నాడు. యువకుడు మంచి మనసుతో, ఈ దగ్గులు, చప్పుళ్ళు తీసివేసి శుభ్రముగా చేసి ఇస్తానన్నాడు.

“వద్దు బిడ్డా. ఆయన దగ్గు గూడ ఉండనియ్యి” అన్నది పెద్దమ్మ.

అతడు ఏడు వందలు తీసుకొన్నాడు. మేము వేయి రూపాయలకు సిద్ధపడి వెళ్ళినవారము.

ఇంటికి చేరిన తరువాత చేసిన పని ఇది. ఒక నకలు మనుమని ఫోనులో, ఒకటి సిద్దిపేటలో ఉన్న కుమార్తె ఇంటి కంప్యూటరులో, ఒకటి మా మందిరపు లాప్‌టాపులో ఉంచాము. ట్రాక్టరుకు వేరొక పెన్ డ్రైవ్ కొన్నారు. అందులో ఉన్నది నకలు మాత్రమే గనుక అది వంగినను చింత లేదు. ఫ్లాష్ చిప్పు గదులలోని రేణువులు ఏండ్లు గడిచిన కొలది మెల్లగా కారిపోవును గనుక, వాడకుండ పెట్టెలో పెట్టిన పెన్ డ్రైవును నమ్ముకొనరాదని ఆ యువకుడు చెప్పాడు. అందుచేత ప్రతి క్రిస్మస్ సెలవులలో మనుమడు ఆ నకళ్ళను విప్పి చూచి, క్రొత్తగా మరొక చోటికి ఎత్తి ఉంచుటకు ఒప్పుకొన్నాడు.

తెగిన మూడు పాటలకు ఇంకను దారి ఉండవచ్చునని, పాతదానిని పారవేయవద్దని కూడ అతడు చెప్పాడు. అది నాలుగు తీగలతో సహా పెద్దమ్మ ట్రంకుపెట్టెలో, భూమి కాగితముల పక్కన ఉన్నది.