షిఫ్టు దిగాక ముప్పై కిలోమీటర్లు

పాశమైలారం చుట్టుపక్కల పరిగెత్తేవాడు ముందు గాలి ఎటు నుంచి వస్తున్నదో చూస్తాడు. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి ఫ్యాక్టరీలకు పడమట ఉన్న రుద్రారం, కంది రోడ్లు మాకు మంచివి. చలికాలం వస్తే ఏ దిక్కూ పనికిరాదు. రాత్రంతా నేల చల్లబడి, దాని మీది గాలి బరువెక్కి కిందనే ఉండిపోతుంది. చిమ్నీలు వదిలినదంతా ఎండ గట్టిగా తగిలేదాకా రోడ్డు మీదనే నిలుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వేరు, గొంతులో తియ్యగా అంటుకునే సాల్వెంటు వాసన వేరు. ఏళ్ల తరబడి మందుల కంపెనీలో రియాక్టర్ల దగ్గర పనిచేసినవాణ్ని కనుక నాకు అవి విడివిడిగా తెలుసు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దు బాగా ఎక్కాకనే బూట్లు తొడుక్కునేవాణ్ని.

పరుగు నేర్చుకున్నది మాత్రం సంగారెడ్డి అంబేద్కర్ స్టేడియంలో, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లల మధ్య. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని పెట్టారు. ఆ ఏడాది గ్రౌండు చీకటితోనే నిండేది. సదాశివపేట, పుల్కల్, మునిపల్లి దిక్కు నుంచి బండి మీద ముగ్గురేసి వచ్చేవాళ్లు. కూతురు రౌండు కొడుతుంటే తండ్రి సెల్‌ఫోన్‌లో టైము చూసి కేకేసేవాడు. వాళ్ల వెనక నా వేగంలో నేను పోతుంటే ఒక పిల్లగాడు పక్కకు వచ్చి అడిగాడు: "అన్నా, నువ్వు ఏ నోటిఫికేషన్‌కు ఉరుకుతున్నవ్?"

నాకు వయసు ఎప్పుడో దాటిపోయిందన్నాను.

"మరెందుకే?" అన్నాడు. వేళాకోళం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఇంట్లోనూ అదే ప్రశ్న. "రాతంత నిలబడి వస్తివి, మల్ల ఉరుకుడేంది?" అనేది నా భార్య. ఊళ్లో మా అమ్మకు హైదరాబాద్ మారథాన్ సంగతి చెబితే, "గెలిస్తే పైసలిస్తరా బిడ్డా?" అంది. నాలాంటివాళ్లకు రావని, మనమే ఫీజు కట్టాలని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఆమె బాధ నాకు అర్థమైంది. మా ఇంట్లో ఒళ్లు అలిసిందంటే సాయంత్రానికి కూలి రావాలి. కానీ నా లెక్క ఇది: షిఫ్టులో నా కాళ్లు సైరన్ మాట వింటాయి, నా చేతులు బ్యాచ్ షీట్ మాట వింటాయి. మిగిలిన రోజులో ఒక గంటన్నా ఎంత వేగంగా పోవాలో, ఎక్కడ ఆగాలో నేనే చెప్పుకోవాలి. ఆ గంట కోసం నిద్ర తగ్గించుకున్నాను, పెళ్లిళ్లు మానుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

మారథాన్ పుస్తకాల్లో వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. మాకు వారం అంటే షిఫ్టు. 'ఏ' షిఫ్టు వారం మధ్యాహ్నం రెండింటికి దిగితే సాయంత్రం పరుగు. బీ షిఫ్టు వారం రాత్రి పదకొండుకు ఇల్లు చేరి, తెల్లారి లేచి పరుగు. కష్టమంతా నైట్ షిఫ్టు వారమే. రిలీవర్ రాగానే కంపెనీ బస్సులో పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగి, ఇంట్లో ఒక జొన్నరొట్టె తిని అటే బయలుదేరేవాణ్ని. పడుకుంటే లేవనని తెలుసు. పగలు నిద్రపోతే ఒళ్లు సరిగ్గా తేరుకోదు. అందుకని ఆ వారం వేగం జోలికి పోకుండా దూరం మాత్రమే చూసుకునేవాణ్ని.

పొడుగు పరుగు కల్పగూరు దారిలో. ఒక వైపు చెరుకు, ఒక వైపు పత్తి, ముందు మంజీర బ్యారేజీ. హైదరాబాదుకు తాగునీళ్లు ఇక్కడి నుంచి కూడా పోతాయి. 1978లో ఇక్కడి మంజీరను అభయారణ్యంగా ప్రకటించారు, నీళ్లలో మొసళ్లుంటాయి. అక్కడ గాలి పీల్చుకుంటే ఛాతీ నిండేది. అదే మంజీరలో కలిసే నక్కవాగు మీది వంతెన దాటినప్పుడు మాత్రం ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. పటాన్‌చెరు కంపెనీల మురుగు ఆ వాగులోకి వచ్చి పొలాలు పాడైతే, కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ కంపెనీల్లాంటి దాంట్లోనే నా జీతం. ఆ మురుగూ, ఆ జీతమూ రెండూ నా ఒంట్లోనే ఉన్నాయి, పరిగెత్తేటప్పుడు ఏ ఒక్కటీ మరిచిపోలేను.

2025 ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇచ్చాను. ఫీజు నాకు రెండు ఓవర్‌టైముల డబ్బు. జూన్ చివరికి ముప్పై కిలోమీటర్లు ఆగకుండా పోగలుగుతున్నాను.

జూన్ 30, సోమవారం. నైట్ దిగి, ఇస్నాపూర్ చౌరస్తాలో పనుండి ఆగాను. తొమ్మిది దాటాక చప్పుడు వినిపించింది. లారీ టైరు పేలిందని హోటల్లో ఎవరో అన్నారు. కాదని మాకు, అంటే కంపెనీల్లో పనిచేసేవాళ్లకు, వెంటనే తెలిసిపోయింది. పాశమైలారం దిక్కు పొగ లేచింది. ఫోన్లు మోగడం మొదలయ్యాయి. భార్యలు, తల్లులు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి అన్నదమ్ములు. ఆ తర్వాత అంబులెన్సులు, ఫైరింజన్లు. కంపెనీలో జరిగిన ఆ పేలుడులో యాభై మందికి పైగా పోయారు. చాలామంది మనవైపు బతుకుదెరువుకు వచ్చినవాళ్లే. పటాన్‌చెరు ప్రభుత్వాసుపత్రి ముందు ఫొటోలు చేతుల్లో పట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను. మనిషిని గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్ష కావాల్సి వచ్చింది. తండ్రి రక్తం ఇచ్చి వచ్చి మళ్లీ అక్కడే కూర్చునేవాడు.

ఆ తర్వాత పరుగుకు పోలేదు. కాళ్లు బాగానే ఉన్నాయి. బూట్లు చూస్తే వెగటు పుట్టింది. అంతమంది ఒళ్లు కాలిపోయిన చోటికి పోయే రోడ్డు మీద నా ఒంటి కోసం నేను పరిగెత్తడమేమిటి అనిపించేది.

మా సెక్షన్‌లో బరంపురం దిక్కు నుంచి వచ్చిన ఒక హెల్పర్ ఉన్నాడు. వాళ్ల ఇంటి భాష తెలుగే, యాస మాత్రం వేరు. లంచ్‌లో అడిగాడు: "అన్నయ్యా, పరుగు మానేసావా?" మానేశానన్నాను. "నువ్వు పొద్దున్నే పోతుంటే మా గది ముందు నుంచి చూసేవోళ్లం. కంపెనీ టైముకి కాకుండా ఎవడో ఒకడు పోతున్నాడు కదా అనుకునేవోళ్లం" అన్నాడు. ఓదార్చడానికి అన్న మాట కాదది, ఉన్నది చెప్పాడు. మర్నాడు కంది దాకా పోయివచ్చాను.

ఆగస్టు 24న రేసు మొదలయ్యే పీపుల్స్ ప్లాజాకు చీకట్లోనే చేరాను, తెలిసినతని ఆటోలో. హుస్సేన్‌సాగర్ పక్కన గాలి కదలడం లేదు. మొదటి అడుగు వేయకముందే బనియన్ తడిసింది. ఈ రేసు కష్టమని పేరు పడింది ఊరికే కాదు. గ్రానైట్ గుట్టల మీద పెరిగిన ఊరు ఇది. ఫ్లైఓవర్ ఎక్కి దిగామనుకునేసరికి ఇంకొకటి. పంజాగుట్ట దాటాక జూబ్లీహిల్స్ ఎత్తు, తర్వాత దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి, ఆపై అద్దాల ఆఫీసుల మధ్య ఎండ.

కండరాల్లో దాచుకున్న చక్కెర ముప్పై కిలోమీటర్ల దగ్గర అయిపోవస్తుంది. ఒళ్లు కొవ్వు మీద నడవాలి, అది నిదానంగా కరుగుతుంది. కాళ్లు సీసం పోసినట్టయ్యాయి. చుట్టూ చాలామంది నడకలోకి దిగారు. నాకు ఆ స్థితి కొత్తగా అనిపించలేదు. నైట్ షిఫ్టులో మూడు గంటలకు ఒళ్లు ఇలాగే చేతులెత్తేస్తుంది. అప్పుడు తెల్లారడానికి ఎంతసేపుందని చూడకూడదు. తర్వాతి రీడింగ్ రాయాలి, అంతే. అలాగే ముందున్న కరెంటు స్తంభం దాకా, నీళ్ల టేబుల్ దాకా పోయాను. ఒక వాలంటీరు అమ్మాయి నారింజ తొన మీద ఉప్పు అద్ది చేతిలో పెట్టింది. ఒక ఆఫీసు గేటు దగ్గర నైట్ డ్యూటీ దిగుతున్న సెక్యూరిటీ గార్డులు వరుసగా నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లలో పెద్దాయన, "నడువు నాయనా, ఇగ దగ్గరనే" అన్నాడు. దగ్గర కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాటకు వేగం పెరిగింది.

2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగిన గచ్చిబౌలి స్టేడియంలోకి వచ్చేసరికి ఐదు గంటలు దాటింది. ట్రాక్ మెత్తగా తగిలింది కాళ్లకు. 42.195 కిలోమీటర్లు. మెడల్ వేసినప్పుడు ఆసుపత్రి ముందు కూర్చున్న ఆ తండ్రి గుర్తొచ్చాడు. ఏడ్చాను. పక్కన ఎవరో నొప్పి అనుకుని స్ప్రే తెచ్చారు.

సోమవారం బీ షిఫ్టు. రియాక్టర్ ఫ్లోర్‌కు ఇనుప మెట్లు పక్కకు తిరిగి దిగాల్సి వచ్చింది. మెడల్ అమ్మ దగ్గరికి పంపాను. ఫోన్ చేసి, బరువుగా ఉందని, వెండిదేనా అని అడిగింది. కాదన్నాను. ఉండనీ అని దేవుడి పటం పక్కన పెట్టిందట.

టీ టైములో బరంపురం కుర్రాడు వచ్చి, పది కిలోమీటర్లది కూడా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. గోడ మీది షిఫ్టు చార్టులో ఇద్దరికీ కలిసి 'ఏ' షిఫ్టు పడే వారం వెతికాం. సెప్టెంబరు రెండో వారంలో దొరికింది. బూట్లు కొనకముందు నాకు చూపించమని, గాలి పడమటి నుంచి ఉంటే రుద్రారం దిక్కు పోదామని చెప్పాను.