కాలు తేరుకుంది, నడుము మిగిలింది

నాకు 2021 నవంబరులో వెన్నెముక ఆపరేషన్ జరిగింది. అంతకుముందు ఎనిమిది నెలలు ఎడమ పిరుదు నుంచి మడమ దాకా తీగ లాగినట్టు, నిప్పు పెట్టినట్టు నొప్పి. ఆపరేషన్ అయిన మర్నాటికే ఆ కాలి నొప్పి పోయింది. నడుము నొప్పి మాత్రం పోలేదు. తగ్గింది గానీ ఇప్పటికీ ఉంది. ఈ రెండు మాటలూ కలిపి చెబితేనే నిజం. పిట్టలవానిపాలెంలో మా కాలనీలో మాత్రం రెండో మాట ఒక్కటే తిరుగుతోంది. "టీచరమ్మకు కోసి కుట్టారు, ఏమైంది? ఇంకా నడుం పట్టుకునే లేస్తంది."

ఆ మాట నా ఒక్కదాని గురించే అయితే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. మా చిన్నమ్మ కూతురు నాట్లకు పోతుంది. నాకంటే ఏడేళ్లు చిన్నది. ఆమెకూ అదే జబ్బు వచ్చింది. కుడికాలి బొటనవేలు పైకి లేవడం మానేసింది. నడుస్తుంటే చెప్పు జారిపోయేది. ఎం.ఆర్.ఐ. చూసిన డాక్టరు ఆపరేషన్ చేయించుకోవాలన్నారు. ఇంట్లోవాళ్లు వద్దన్నారు. సాక్ష్యానికి నన్నే చూపించారు. నా నొప్పి ఇంకొకరి వైద్యానికి అడ్డం పడుతుంటే, ఆ నొప్పి ఏమిటో, ఎందుకు మిగిలిందో, దానితో ఎట్లా బతుకుతున్నానో చెప్పడం నా పనే అనిపించింది.

మేం యానాదులం. కోతలయ్యాక మా నాన్న పొలం గట్ల మీద ఎలుక కలుగులు వెతికేవాడు. కుండలో గడ్డి వేసి రాజేసి కలుగులోకి పొగ ఊదేవాడు. తరువాత గునపంతో తవ్వి, ఎలుకలు లోపల దాచుకున్న వరి కంకులు కూడా ఇంటికి తెచ్చేవాడు. కాలువలకు నీళ్లొదిలితే అమ్మకు నాట్లు, తరువాత కలుపు, తరువాత కోత. ఇద్దరి పనీ వంగి చేసేదే. తెలుగులో 'నడుం వంచడం' అంటే పని చేయడం. 'ఒళ్లు వంచని మనిషి' అంటే సోమరి. 'నడుం వాల్చింది' అంటే పడుకుంది. నడుం వంచలేని మనిషికి మాత్రం ఈ భాషలో మర్యాదైన మాట ఒకటి లేదు. యానాదోళ్లు బద్ధకస్తులని గట్టు మీద నిలబడి అనేవాళ్ల మాటలు మా అమ్మ చాలా విన్నది. అందుకే నొప్పి వస్తే మా వాళ్లు ముందు దాస్తారు. ఇక లేవలేనప్పుడు చెబుతారు. అప్పటికి వేలు లేవదు, పాదం ఈడుస్తుంది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? నడుము భాగంలో ఐదు పూసలుంటాయి. పూసకూ పూసకూ మధ్య ఒక బిళ్ల ఉంటుంది. దాన్నే డిస్కు అంటారు. తాటిముంజెను గుర్తు తెచ్చుకోండి. పైన తోలు, లోపల మెత్తటి గుజ్జు. ముంజెను ఒక పక్క గట్టిగా నొక్కితే రెండో పక్క చీలి నీళ్లు చిమ్ముతాయి. డిస్కు పై పొర చీలినప్పుడు లోపలి గుజ్జు అట్లాగే వెనక్కి పొడుచుకొచ్చి, కాలికి పోయే నరాన్ని ఒత్తుతుంది. ఒత్తడమే కాదు, ఆ గుజ్జు తగిలిన చోట నరం వాచి మండుతుంది. జబ్బు నడుములో ఉంటే మంట పిక్కలో తెలిసేది ఇందుకే. అమెరికాలో మిక్‌స్టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు 1934లో ఈ సంగతి రుజువులతో రాసిన తరువాతే డిస్కు ఆపరేషన్లు లోకమంతా పాకాయి.

ఆ ఆపరేషన్ చేసే పని ఒక్కటే. నరం మీద పడ్డ ముక్కను తీసేస్తుంది. నరానికి ఊపిరి ఆడుతుంది, కాలు తేరుకుంటుంది. అరిగిన డిస్కును అది కొత్తది చేయదు. పూసల వెనక ఉన్న చిన్న కీళ్ల అరుగుదలను వెనక్కి తిప్పదు. నెలల తరబడి బిగుసుకుపోయిన కండరాలకు బలం పోయదు. కాబట్టి కాలి నొప్పికి ఈ ఆపరేషన్ ఎంత బాగా పనిచేస్తుందో, నడుము నొప్పికి అంత బాగా పనిచేయదు. ఈ ఒక్క వాక్యం ఆపరేషన్‌కు ముందే ప్రతి రోగికీ వాళ్ల మాటల్లో చెప్పాలి. నాకు చెప్పినవాళ్లు లేరు. ఇంటికొచ్చాక నెలకు చదివి తెలుసుకున్నాను.

ఇక వాపు సంగతి. కోసిన చోట మొదటి వారాల్లో వాపు, మంట ఉంటాయి. అది మానడంలో భాగమే. లోపల మచ్చ కట్టేటప్పుడు ఒక్కోసారి ఆ మచ్చ నరం చుట్టూ పేరుకుంటుంది. అదీ గాక, చాలాకాలం నొప్పి మోసిన నరాలు దెబ్బ పోయాక కూడా నొప్పి కబురు పంపుతూనే ఉంటాయి. వాన వెలిసినా చెట్టు కింద చినుకులు రాలినట్టు. అంటే నొప్పి వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో కొత్తగా పాడైందని కాదు. ఈ మాట తెలిసిన రోజు నాకు సగం భయం పోయింది. భయంతో మంచం పట్టిన నడుము ఇంకా బిగుసుకుంటుంది.

ఆపరేషన్ తరువాత మిగిలే ఈ నొప్పిని డాక్టర్లు చాలాకాలం 'ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్' అన్నారు. అంటే ఆపరేషన్ విఫలమైన నడుము అని. నాకు ఆపరేషన్ జరిగిన 2021లోనే కొందరు నిపుణులు ఆ పేరు తప్పని, 'పర్సిస్టెంట్ స్పైనల్ పెయిన్ సిండ్రోమ్' అనాలని ప్రతిపాదించారు. అంటే వెన్నులో నిలిచిపోయిన నొప్పి. పేరు మారితే నొప్పి పోతుందా అనకండి. మన బాపట్ల పక్కనే స్టువర్టుపురం ఉంది. పుట్టుకతోనే నేరస్థులని ఎరుకలవాళ్ల మీద ముద్ర వేసిన చట్టం కింద పెట్టిన సెటిల్‌మెంటు అది. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర పోవడానికి ఇంకెన్ని ఏళ్లు పట్టిందో ఆ ఊరివాళ్లను అడగండి. విఫలం అనే మాట రోగి మీద పడితే రోగి మాట ఎవరూ నమ్మరు. మిగిలిన నొప్పి అంటే మాత్రం, అయితే ఏం చేద్దాం అని అడుగుతారు.

ఏం చేద్దామంటే, నేను చేసింది చెబుతాను. బడిలో హాజరు పట్టీ రాసే చేతితోనే నొప్పికీ ఒక పట్టీ పెట్టాను. ఉదయం, సాయంత్రం నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె. పక్కన ఆ రోజు ఏం చేశానో రెండు ముక్కలు. మూడు నెలలయ్యాక చూస్తే ఆశ్చర్యం వేసింది. పిల్లల మధ్య తిరుగుతూ పాఠం చెప్పిన రోజుల్లో అంకె మూడో నాలుగో. మీటింగులో మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న రోజు ఏడు. గుంతల రోడ్డు మీద షేర్ ఆటోలో బాపట్ల పోయొచ్చిన రోజు ఎనిమిది. ముందుకు వంగి కూర్చున్నప్పుడు డిస్కు మీద పడే ఒత్తిడి నిలబడినప్పటికంటే ఎక్కువని స్వీడన్ డాక్టరు నాచెమ్‌సన్ 1960లలోనే సూది పెట్టి కొలిచాడు. నా పట్టీ కూడా అదే చెప్పింది.

అప్పటినుంచి అరగంటకు మించి కదలకుండా కూర్చోను. మీటింగులో వెనక నిలబడతాను. అడిగితే కారణం చెబుతాను. పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు నడుస్తాను. నొప్పి ఉన్న రోజు దూరం తగ్గిస్తాను గానీ పూర్తిగా మానను. ఫిజియోథెరపీలో నేర్పిన కడుపు, పిరుదు కండరాల వ్యాయామాలు చాప మీద చేస్తాను. ఒకటో తరగతి పిల్లల పలకలు దిద్దడానికి వంగను. ఎత్తు పీట వేసుకుని పిల్లలనే దగ్గరికి పిలుస్తాను. బిందె నిండా ఎత్తను, సగం సగం రెండుసార్లు తెస్తాను. బరువు ఎత్తేటప్పుడు నడుమును కాదు, మోకాళ్లను వంచుతాను. పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటాను. వేడినీళ్ల సంచి కాస్త సుఖమిస్తుంది. అన్నిటికంటే కష్టమైన నియమం ఇంకొకటి. బాగున్న రోజున రెండు రోజుల పని చేయకూడదు. ఆదివారం నడుము తేలిగ్గా ఉందని దుప్పట్లన్నీ ఉతికితే సోమవారం పట్టీలో ఆ లెక్క వచ్చి కూర్చుంటుంది.

మందుల గురించి జాగ్రత్తగా చెప్పాలి. మన కాలనీల్లో నడుం నొప్పికి ముందు దొరికేది సూది. పొడిచిన గంటలో లేచి పనికి పోవచ్చు. ఆ సూదుల్లో ఎక్కువగా ఉండేది డైక్లోఫినాక్ లాంటి మందు, కొన్నిసార్లు స్టెరాయిడ్ కూడా. రాబందుల కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పశువులకు డైక్లోఫినాక్ ఇచ్చాక, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పలుగా చచ్చాయి. కారణం తేలాక మన దేశం 2006లో పశువులకు ఆ మందును నిషేధించింది. మనిషి రాబందు కాదు, డాక్టరు చూసి కొద్దిరోజులకు రాస్తే ఆ మందు మేలే చేస్తుంది. కానీ ఎండలో, సరిగ్గా నీళ్లు తాగకుండా, ఖాళీ కడుపుతో, నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. నరాల మంటకు వేరే రకం మాత్రలున్నాయి. వాటిని కూడా మనంతట మనం మొదలుపెట్టకూడదు, ఒక్కసారిగా ఆపకూడదు.

కొన్ని గుర్తులు మాత్రం పట్టీలో రాసుకుని కూర్చునేవి కావు. కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారడం, చలిజ్వరం, పడుకున్నా తగ్గకుండా పెరిగే నొప్పి ఉంటే చీము పట్టిందేమో వెంటనే చూపించాలి. రక్తపరీక్షలు చేసి తేలుస్తారు. మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, తొడల మధ్య తిమ్మిరెక్కి స్పర్శ లేకపోవడం, పాదం ఒక్కసారిగా చచ్చుబడటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. అర్ధరాత్రయినా 108కు ఫోన్ చేయాలి. ఆలస్యమైతే ఆ నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు. ఆడవాళ్లు మూత్రం సంగతి మగ డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడతారు. పక్కనున్న వాళ్లయినా చెప్పాలి.

ఇదంతా మా చెల్లికి ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. "అక్కా, నడుం నొప్పి పోదంటున్నావు, మరి ఎందుకు కోయించుకోవాలి?" అంది. "నడుం కోసం కాదమ్మా, కాలి కోసం. వేలు చచ్చుబడింది. ఆ నరం ఇంకా నలిగితే పాదం రాదు" అన్నాను. ఆమె మొగుడు అడిగింది డబ్బు గురించి. ప్రభుత్వ వైద్యసేవ కార్డు కింద ఈ ఆపరేషన్ అవుతుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారని చెప్పి వెంట వెళ్లాను. అయింది. వేసవిలో చేశారు. కాలి మంట పోయింది. వేలికి బలం సగమే వచ్చింది, మిగతాది మెల్లగా రావచ్చన్నారు. నడుము నొప్పి ఉంది. ముందే తెలుసు కాబట్టి ఆమె బెంగపడలేదు.

అసలు చిక్కు జులైలో వచ్చింది. మూడు నెలలు వంగొద్దన్నారు. కాలువకు నీళ్లొచ్చాయి. మా వాళ్లు నాట్లు ఎకరాకింత అని గుత్తకు ఒప్పుకుంటారు. ముఠాలో ఒకరు తగ్గితే మిగతావాళ్ల మీద బరువు పడుతుంది. నాకు ఆపరేషన్ అయినప్పుడు మెడికల్ లీవు ఉంది, నెల తిరిగేసరికి జీతం ఉంది. కుర్చీలో కూర్చోలేకపోతే నిలబడి పాఠం చెప్పే వీలుంది. నా పట్టీ, నా నడక, నా పీట అన్నీ ఆ జీతం మీద నిలబడ్డవే. అది లేని మనిషికి 'విశ్రాంతి తీసుకో' అని చెప్పడం సగం వైద్యమే.

ముఠా ఆడవాళ్లతో మాట్లాడాం. వాళ్లు పొలం పోయినప్పుడు పసిపిల్లలను గట్టు మీద పడుకోబెట్టి, వాళ్లకు కాపలాగా పెద్దపిల్లలను బడి మాన్పిస్తారు. ఆ పిల్లలను చెల్లి కాలనీలోనే చూసుకుంటుంది, ముఠా ఆమెకు సగం పాలు ఇస్తుంది అన్నది నా మాట. కొందరు సరే అన్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్లకూ అప్పులున్నాయి. చివరికి పావు పాలు దగ్గర ఆగింది. చాలదు. అయినా ఆ నెల మా బడిలో నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు ముగ్గురు మానకుండా వచ్చారు.

ఈ పుస్తకం చదివే టీచర్లకు ఒక మాట. నాట్ల కాలంలో పిల్ల బడికి రాకపోతే, ఇంట్లో ఎవరి నడుము పడిపోయిందో కూడా అడగండి. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఇంకో మాట. ఆసుపత్రి నుంచి ఇచ్చే డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మనోళ్లు దాన్ని మడిచి ప్లాస్టిక్ కవరులో రేషన్ కార్డు పక్కన పెట్టేస్తారు. దాన్ని తీసి, వాళ్ల ముందు కూర్చుని, మన మాటల్లో చదివి చెప్పండి. ఏది పోతుంది, ఏది మిగులుతుంది, ఎన్ని రోజులు వంగకూడదు, ఏ గుర్తు కనిపిస్తే పరుగెత్తాలి. అర్థం కాని ముక్క ఉంటే ఆ కాగితం పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి.