చెరువు పట్టుకున్న గాలం

కె.ఆర్.పురం అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది తీగల వంతెన, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్కు. 2003లో వంతెన తెరిచినప్పుడు ఇంక ట్రాఫిక్కు ఉండదు అనుకున్నాం. 2023 మార్చిలో ఇక్కడి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో కూడా వచ్చింది. ట్రాఫిక్కు మాత్రం యాడికీ పోలేదు. సరే, నేను రాసేది దాని గురించి కాదు. ఆ వంతెన దాటి పాత మద్రాసు రోడ్డు పట్టుకొని హోసకోట వైపు పోతే ఒక పెద్ద చెరువు ఉంది. ఎలె మల్లప్ప శెట్టి కెరె. ఎలె అంటే కన్నడంలో ఆకు. తమలపాకుల వ్యాపారం చేసిన మల్లప్ప శెట్టి అనే ఆయన నూరేండ్ల కింద తన సొమ్ము పెట్టి కట్టించిన చెరువు. ఆకులు అమ్మిన డబ్బుతో అంత చెరువు! ఇప్పుడు కోట్లున్నోళ్లు చెరువు పూడ్చి ప్లాట్లు వేస్తాండారు.

ఈ వైపు నీళ్లు దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడుకు పోతాయి. మన పెన్నా కూడా అదే నంది కొండల్లో పుట్టి నెల్లూరు దాకా పోతుంది. ఒక ఇంట్లో పుట్టి చెరో దిక్కుకు పోయిన అన్నదమ్ముల మాదిరి.

రిటైరైనాక మేం నలుగురైదుగురం ఆదివారం పొద్దున్నే అక్కడికి పోతాం. చేపల హక్కు పాడుకున్నోళ్లను అడిగి, వాళ్లు చూపిన చోటే కూర్చుంటాం. ఆ చేప తింటారా అని మాత్రం అడగొద్దు. ఊరి మురికినీళ్లన్నీ ఎక్కడికి చేరతాయో మీకూ తెలుసు. జిలేబి చేప పడితే మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాం. మాకు కావాల్సింది ఆ రెండు గంటలు.

ఈ చెరువులో గాలానికి చేప తగిలేది తక్కువ, ఇంకోటి తగిలేది ఎక్కువ. అడుగున తుమ్మ మోడులు, గుర్రపుడెక్క వేర్లు, సిమెంటు సంచులు, వినాయకుణ్ణి నిలబెట్టిన కట్టెలు. వానపాము గుచ్చే మామూలు గాలం పోతే ఐదో పదో రూపాయలు. ఇప్పటి పిల్లోళ్లు కొరమేను కోసం రబ్బరు కప్ప వేస్తారు, ప్లాస్టిక్ చేప వేస్తారు. అవి రెండొందలు, మూడొందలు. ప్లాస్టిక్ చేపకు కడుపు కింద మూడు కొనల గాలాలు రెండుంటాయి, కనిపించిందల్లా పట్టుకుంటాయి. రబ్బరు కప్ప కొంత మేలు. దాని కొనలు వీపుకు ఆనుకొని ఉంటాయి కాబట్టి గడ్డి మీద జారిపోతుంది.

మొన్న ఒక కుర్రోడు, డెలివరీ పని చేసేవాడు, అట్లాంటి ప్లాస్టిక్ చేపను తగిలించుకున్నాడు. లాగాడు, ఇంకా లాగాడు. రాలేదు. బండ మీద చొక్కా విప్పి పెట్టి నీళ్లలో కాలు పెట్టాడు. మాతో వచ్చే కోలారు అన్న, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసినాయన, పరిగెత్తి రెక్క పట్టుకున్నాడు.

"యాడికి దిగుతాండావ్ రా తమ్ముడూ?"

"మూడొందల యాభై అన్నా అది. నా సగం దినం సంపాదన."

"నీ అమ్మకు నువ్వెంత?"

కుర్రోడు మాట్లాడలేదు. పైన నీళ్లు చూస్తే మోకాలి లోతు అనిపిస్తుంది. కింద బురద తొడల దాకా పీలుస్తుంది, గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకుంటుంది. ఈతొచ్చినోడికీ అక్కడ ఈత పనికిరాదు.

చిక్కు సంగతి మన మిల్లోళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పోగు చిక్కుపడితే లాగినకొద్దీ బిగుస్తుంది. గాలమూ అంతే. చేప బరువుకు కొన లోపలికి దిగాలనే దాన్ని అట్లా చేశారు, మనం ఎదురుగా లాగితే మోడులోకి ఇంకా దిగుతుంది. అందుకని ముందు దారం వదులు చేసి కర్ర కొసను చిన్నగా ఊపాలి. సగం సార్లు దాని బరువుకే ఊడి వస్తుంది.

రాలేదా, దూదేకులవాళ్ల విల్లును గుర్తుచేసుకోండి. దారం బిగువుగా పెట్టి, రీలుకూ కర్రకున్న మొదటి రింగుకూ మధ్య దారాన్ని వేళ్లతో పక్కకు లాగి టక్కున వదలాలి. బిగువు ఒక్కసారిగా పోయేసరికి గాలం వెనక్కి ఎగురుతుంది. నాలుగైదు సార్లు చేయాలి. మా కోలారు అన్న దీన్ని సంగీతం అంటాడు.

అదీ కాకపోతే చోటు మారాలి. గాలం ఏ దిక్కు నుంచి దూరిందో ఆ దిక్కుకే లాగాలి. కుర్రోడి దారం పట్టుకొని మేం ముగ్గురం కట్ట మీద నడుచుకుంటా అవతలికి పోయినాం. అక్కడ కట్ట ఎత్తు, నీళ్లు లోతు. అన్న సంచిలోంచి పాత స్కూటరు స్పార్క్ ప్లగ్గు తీశాడు. దానికో తాళంచెవుల రింగు, ఇంకో గట్టి తాడు కట్టి ఉంటుంది. రింగును తంగూసు దారానికి తొడిగి వదిలితే ప్లగ్గు జారుకుంటా పోయి గాలాన్ని ముక్కు మీద కొడుతుంది. ఆ దెబ్బకు వెనక్కి ఊడాలి. ఒడ్డు చదునుగా ఉంటే ఇది పనికిరాదు, ప్లగ్గు మధ్యలోనే మునుగుతుంది. మూడో దెబ్బకు చేప వదిలింది, ఒక చీర కొంగును పట్టుకొని పైకొచ్చింది. పాలిస్టరు చీర. రంగు కూడా పోలేదు. నూలుదైతే ఎప్పుడో కుళ్లి మట్టయ్యేది.

ఏదీ కుదరకపోతే తెంచాల్సిందే. దారం చేతికి చుట్టుకోవద్దు, తంగూసు కత్తి మాదిరి కోస్తుంది. పుల్లకు చుట్టి, కర్ర పక్కన పెట్టి, మొహం తిప్పుకొని, మెల్లగా వెనక్కి నడవాలి. గుంజితే గాలం ఊడి తూటా లాగా వెనక్కొస్తుంది. పోయిన సంవత్సరం ఒక పిల్లోడికి అట్లాగే కనుబొమ్మలో దిగింది. వేలెడు కింద కన్ను. వెనక పిల్లలు ఉంటే ముందు వాళ్లను దూరం పంపండి.

బరువుకు సీసం గుండు కట్టేవాళ్లకు ఒక మాట. గుండు బదులు చిన్న రాయి కట్టండి, అదీ కుట్టు మిషను దారంతో. ఇరుక్కుంటే ఆ సన్న దారం తెగి రాయి పోతుంది, గాలం మీకొస్తుంది. రాయికి డబ్బు పెట్టక్కర్లేదు, చెరువుకూ కొత్త కాదు. సీసం మింగితే పక్షులు చస్తాయి. ఇంగ్లండులో హంసలు చనిపోతున్నాయని 1987లో చిన్న సీసం గుండ్ల అమ్మకమే ఆపేశారు. మన దగ్గర నీటికాకులు, కొంగలు ఉన్నాయి. తెగిన దారంలో కాలు చిక్కుకున్న కొంగను నేను ఈ కట్ట మీదే చూశాను. నిలబడే ఉంది, ఎగరలేదు. కత్తెర తెచ్చేలోపల కుక్కలు పట్టాయి.

అప్పటి నుంచి ఒడ్డున పడున్న తంగూసంతా ఏరి మిల్లు నాటి పాత బాబిన్లకు చుడుతున్నాను. రెండు నిండినాయి. మా మనవడు ఒకటి అడుగుతాండాడు, గాలిపటానికి. ఇవ్వను.