నాన్న, పెరుగు, నేను కొన్న సాచెట్లు

మా ఇంట్లో భోజనం పెరుగన్నంతో ముగియకపోతే అది భోజనం కింద లెక్క కాదు. ఎంత పెద్ద పెళ్లి విందు తినొచ్చినా సరే, ఇంటికొచ్చాక నాన్న గిన్నెడు పెరుగు తింటే గానీ పడుకోరు. అలాంటి మనిషికి పోయినేడాది పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. మూడో స్టేజి. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. తర్వాత పన్నెండు సార్లు కీమో, పదిహేను రోజులకొకటి అన్నారు.

ఆ కీమో పేరు ఫాల్‌ఫాక్స్. మూడు మందుల పేర్ల ముక్కలు అతికించి పెట్టిన పేరు. అందులో ఆక్సాలిప్లాటిన్ అని ఒకటుంది, దాంతో చల్లటిది ముట్టుకుంటే వేళ్లకి సూదులు గుచ్చినట్టవుతుంది. చల్లటిది తాగితే గొంతు పట్టేస్తుంది. మొదటి సైకిల్ అయిన సాయంత్రం నాన్న అలవాటుగా ఫ్రిజ్ తలుపు తీసి పెరుగు గిన్నె పట్టుకున్నారు. పట్టుకున్నవారు పట్టుకున్నట్టే వదిలేశారు. స్టీలు గిన్నె కాబట్టి పగల్లేదు. అమ్మ నేల తుడుస్తూ ఏమీ అనలేదు. మామూలుగా అయితే ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా వినిపించేది :)

ఛాతీలో చర్మం కింద పోర్ట్ పెట్టారు. ఫ్లోరోయురాసిల్ అనే మందు నలభై ఆరు గంటల పాటు సన్నగా దాని గుండా ఎక్కుతుంది. అందుకని చిన్న పంపు తగిలించి ఇంటికి పంపించేవారు. నాన్న దాన్ని నడుముకి కట్టుకుని, కింద వాచ్‌మన్‌కి "ఇది నా బెలూన్" అని చూపించి వచ్చేవారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మూడో సైకిల్ తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకి ఆరేడు సార్లు. డాక్టర్ రాసిన మాత్ర ఉంది, ఓఆర్‌ఎస్ ఉంది. కొంచెం తగ్గి మళ్లీ మొదలయ్యేవి. అప్పుడు కొత్తపేట నుంచి చిన్నమ్మ ఫోన్. "కీమోకి కడుపుల ఉన్న మంచి బ్యాక్టీరియా అంత చచ్చిపోతదట రా, ప్రోబయోటిక్ ఎయ్యుండ్రి" అంది. చిన్నమ్మ చెప్పింది పూర్తిగా తప్పు కూడా కాదు, అదే చిక్కు.

ఆ రోజు ఆఫీసు నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగాను. ఒక మెడికల్ షాపులో "లూజ్ మోషన్స్‌కి ప్రోబయోటిక్ ఇవ్వండి" అన్నాను. ఎవరికి అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇరవై సాచెట్లు ఇచ్చాడు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, ఒక చిన్న లైబ్రరీ వర్షన్ మార్చాలన్నా పది లింకులు చదివే నేను, ఆ పెట్టె వెనకాల ఉన్న చీమల బారు అక్షరాలు చదవలేదు. డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలని తోచనే లేదు. పెరుగులాంటిదే కదా, పెరుగుకి ప్రిస్క్రిప్షన్ ఏమిటి అనుకున్నాను.

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నాన్న మంచం మీద కూర్చుని ఉండగా పక్కనే సాచెట్ చింపి, గోరువెచ్చటి నీళ్లలో కలిపి ఇచ్చేవాణ్ణి. నాలుగో సైకిల్ పంపు నడుస్తున్న రెండు రోజులూ కూడా అంతే. చింపిన చేత్తోనే పంపు ట్యూబు మెలిక పడిందేమోనని సరిచేసేవాణ్ణి.

ఆ సైకిల్ తొమ్మిదో రోజు రాత్రి జ్వరం, నూటొకటి దాటింది. కీమోలో జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకండని ముందే చెప్పి ఉంచారు కాబట్టి వెంటనే తీసుకెళ్లాం. న్యూట్రోఫిల్స్ 420. అవి ఐదొందల కన్నా తగ్గితే ఒంట్లో కాపలా దాదాపు లేనట్టేనట. డ్యూటీలో ఉన్న అమ్మాయి నాకంటే చిన్నదే అయ్యుంటుంది, "ఇంట్లో వేరే మందులు, పొడులు ఏమైనా వాడారా సార్?" అని అడిగింది. జేబులో ఉన్న సాచెట్ కవరు తీసిచ్చాను. చదివి, ఎవరికో ఫోన్ చేసి, నా దగ్గరకొచ్చి "ఇవి ఎక్కడ చింపేవారు?" అంది.

ఎందుకు చింపారు అంటుందనుకున్నాను. ఎక్కడ అని అడిగింది.

అందులో ఉన్నది పెరుగులో ఉండే బ్యాక్టీరియా కాదు. సాక్రోమైసిస్ బౌలార్డి అనే ఈస్ట్, బ్రెడ్డు పొంగించే దానికి దగ్గర చుట్టం. యాంటీబయాటిక్స్ దాన్ని చంపలేవు. అందుకే యాంటీబయాటిక్‌తో పాటు విరేచనాలకి దాన్ని రాస్తుంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి పెద్ద భయమేమీ లేదు. కానీ రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లలో, రక్తనాళంలోకి లైన్ పెట్టి ఉన్నవాళ్లలో అరుదుగా రక్తంలోకి చేరుతుంది. మింగడం వల్లే కానక్కర్లేదు. చింపినప్పుడు గాల్లోకి లేచిన పొడి, చేతికంటుకున్న పొడి లైన్ దాకా చేరినా చాలు. ఇలాంటి కేసులు చూసే యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2017లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకీ, అలాంటి లైన్ ఉన్నవాళ్లకీ ఇది వాడకూడదని చెప్పమంది. ఇదంతా ఆ రాత్రి ఆసుపత్రి కారిడార్‌లో కుర్చీలో కూర్చుని చదివాను. చదవాల్సింది చదవాల్సిన రోజున కాకుండా.

పోర్ట్ నుంచి ఒకసారి, చేతి నుంచి ఒకసారి రక్తం తీసి కల్చర్‌కి పంపారు. ఐదు రోజులు ఆగాలన్నారు. ఆ ఐదు రోజులూ నాన్న మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. చివరికి అందులో ఏమీ పెరగలేదు. ఈస్ట్ లేదు, బ్యాక్టీరియా లేదు. కౌంట్లు పడిపోయినప్పుడు వచ్చే మామూలు జ్వరమేనన్నారు. యాంటీబయాటిక్స్‌తో తగ్గింది.

ఇంతకీ ప్రోబయోటిక్స్ పనికిరావా అంటే, అలా కొట్టిపారేయడానికీ లేదు. 2007లో ఫిన్లాండ్ వాళ్లు ఇదే ఫ్లోరోయురాసిల్ తీసుకుంటున్న 150 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద చేసిన ప్రయోగం ఉంది. లాక్టోబాసిల్లస్ జీజీ అనే రకం ఇచ్చినవాళ్లలో తీవ్రమైన విరేచనాలు 22 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 37 శాతం మందికి వచ్చాయి. తక్కువ తేడా ఏం కాదు. నేను కొన్నది మాత్రం అది కాదు. ప్రోబయోటిక్ అని అడగడం, జంతువు కావాలని అడిగినట్టు. ఆవునిస్తాడో ఎలుగుబంటినిస్తాడో కొట్టువాడి ఇష్టం.

ఎలుగుబంటి సంగతి కూడా చెప్పాలి. క్లోమగ్రంథి వాపుతో తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకి ప్రోబయోటిక్స్ ఇచ్చి చూసిన డచ్ ప్రయోగం 2008లో అచ్చయింది. ఇచ్చినవాళ్లలో 24 మంది చనిపోయారు, ఉత్తుత్తి పొడి ఇచ్చినవాళ్లలో 9 మంది. మంచి బ్యాక్టీరియా కదా, పోయేదేముంది అనే మాట నా నోట్లోంచి మళ్లీ రాదు. 2018లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన పరిశోధన ఇంకో రకం. యాంటీబయాటిక్స్ వాడాక ప్రోబయోటిక్స్ తీసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం, ఏమీ తీసుకోనివాళ్ల కంటే ఆలస్యమైందట. కిరాయికొచ్చినవాళ్లు ఇంటాయన్ని గేటు దగ్గరే ఆపేసినట్టు.

అన్నట్టు నాన్న బిల్లులో ల్యూకోవోరిన్ అని ఒక మందు ఉండేది. ఫాల్‌ఫాక్స్‌లో మొదటి ముక్క అదే, ఫోలినిక్ యాసిడ్. ఫ్లోరోయురాసిల్ తన పని గట్టిగా చెయ్యడానికి తోడుగా ఇస్తారు. అది ఫోలిక్ యాసిడ్ కుటుంబంలోది. ఫోలిక్ యాసిడ్‌ని అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో (మనవాళ్లు గ్రహణి అంటారు) పోయారని, తనకీ ఆ జబ్బు వచ్చి బతికి బయటపడ్డారని చెప్తారు. ఆ జబ్బుకి పనిచేసే మందు వెతుకుతూ వెళ్లిన దారి ఎక్కడెక్కడో తిరిగి ఎల్‌బీ నగర్‌లో మా నాన్న పోర్ట్ దాకా వచ్చింది. ఇది నాన్నకి చెప్తే ఆ రోజు వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకున్నారు, సుబ్బారావుగారు మా మేనమామ అన్నంత ధీమాగా.

సాచెట్ల సంగతి నాన్నకి చెప్పడానికి మాత్రం ఇంకో రెండు వారాలు పట్టింది. డాక్టర్‌ని అడక్కుండా తెచ్చానని, అవి ప్రమాదం అయ్యుండేవని చెప్పాను. కాసేపు టీవీ వైపే చూసి, "నువ్వు ఇచ్చినవని తాగిన రా" అన్నారు. అంతే. మళ్లీ ఆ ప్రస్తావన రాలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత అపాయింట్‌మెంట్‌లో డాక్టర్‌ని రెండు ప్రశ్నలు అడిగాను, కాగితం మీద రాసుకుని వెళ్లి మరీ. సాచెట్లు కీమో అయ్యేదాకా ఏవీ వద్దన్నారు. మరి పెరుగు? కౌంట్లు పడిపోయిన రోజుల్లో వద్దు, మిగతా రోజుల్లో బాగా మరిగించిన పాలతో ఇంట్లో తోడుపెట్టింది, ఆ రోజుది ఆ రోజే తినమన్నారు. బయటి లస్సీలు గట్రా బంద్. ఆ లెక్కన మా పెరుగు ప్రోబయోటిక్ కాదు కూడా. ఫలానా రకం, ఇంత మోతాదు, ఇంత మేలు అని తేలితేనే ఆ పేరు పెట్టాలి. మా తోడు సూర్యాపేటలో నానమ్మ వాళ్లింటి నుంచి వచ్చింది, అందులో ఎవరెవరున్నారో ఆ దేవుడికే తెలియాలి.

చిన్నమ్మకి కూడా ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, నేనే చెప్తి కదరా" అని ఏడ్చింది. ఆమెని ఊరుకోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మిగిలిన సాచెట్లు నా డెస్కు సొరుగులో ఉన్నాయి, ఎందుకో పారెయ్యలేదు.

మొన్న ఎనిమిదో సైకిల్‌కి ముందు రక్త పరీక్ష రిపోర్టు నా ఫోన్‌కి వచ్చింది. నాన్న సోఫాలోంచే "స్కోరెంత రా?" అన్నారు. రెండువేల నూట యాభై అన్నాను. అమ్మ అప్పటికే పెరుగు తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టకుండా బయటే ఉంచింది. నాన్న ముందు వేలి కొసతో గిన్నెని తాకి చూసి, చల్లగా లేదని నమ్మకం కుదిరాక, కంచం దగ్గరికి లాక్కున్నారు.