తేరు కనబడింది, జనం కనబడలా

కువైట్‌లో ఉండేవాడికి ఊరంటే ఫోనులో వచ్చే ఫొటోలే. జనవరి జాతరలో నీలకంఠేశ్వరుని తేరు కదిలీ కదలకముందే చిన్నాయన ఫొటో పంపిస్తాడు. పెద్దది చేసి చూస్తే తేరుంటుంది, జనం ముఖాలన్నీ మసక. తప్పు చిన్నాయనది కాదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే తీసింది తీసినట్టే వస్తుంది.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మాది. ఫొటోలో మగ్గం మీది అంచు పోగులు కలిసిపోయి కనిపిస్తే ఇంకేం చూసినట్టు?

గూగుల్ ఫొటోస్‌లో అందరికీ ఒకే ఆల్బమ్ పెట్టొచ్చు. కానీ 2021 జూన్ నుంచి ఉచిత జాగా 15 జీబీయే, అందులోనే మెయిళ్లు కూడా. పైగా మా అవ్వ ఆ ఆల్బమ్ తెరిచేదెప్పుడు!

చిన్నాయనా, పది ఫొటోలు చాలు, డాక్యుమెంట్‌గా పంపు. అసలువి చెరిపెయ్యొద్దు, పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టు.